బాణీ వస్తోంది కానీ కార్డ్స్ కూర్చోవడం లేదు, హార్మనీ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

స్వరబాటసారి

అందరికీ నమస్కారం. చిన్నప్పుడు నాలుగేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు దాటి గీతాల దాకా వచ్చాక ఆగిపోయింది. ఇప్పుడు రెండేళ్లుగా కీబోర్డు మీద సొంతంగా ట్యూన్లు కడుతున్నాను. ట్యూన్ వరకు ఇబ్బంది లేదు, పాడుకుంటే బాగానే ఉంటుంది, వారం తర్వాత కూడా గుర్తుంటుంది. దాని కింద కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు, పెట్టడం మొదలుపెట్టగానే అందం మొత్తం పోతుంది.

థియరీ చదవలేదని కాదు. ఇంటర్వల్స్ (స్వరాల మధ్య దూరాలు) తెలుసు, మేజర్ మైనర్ ట్రయాడ్స్ (మూడు స్వరాల కార్డ్స్) ఎలా కట్టాలో తెలుసు, సర్కిల్ ఆఫ్ ఫిఫ్త్స్ కంఠతా వచ్చు. ఎవరైనా అడిగితే టకటకా చెప్పేస్తాను. అయినా నా సొంత ట్యూన్ ముందు కూర్చుంటే ఏ కార్డ్ పెట్టాలో తోచదు.

ఇదీ ట్యూన్. సి ని స అనుకోండి, శంకరాభరణం స్వరాలే, నాలుగు బీట్ల బార్లు ఎనిమిది:

స గ ప గ / ద ప మ / ప గ స / రి
స గ ప గ / ద ని పైస / పైరి పైస ని / పైస

గీతల మధ్య ఉన్నది ఒక్కో బార్, పైస అంటే పై స్థాయి స. మూడు స్వరాలున్న బార్లలో ఒక స్వరం రెండు బీట్లు ఉంటుంది. నేను చేసిందేమిటంటే ప్రతి స్వరానికీ దాని సొంత కార్డ్ పెట్టాను. స దగ్గర సి మేజర్, గ దగ్గర ఇ మైనర్, ప దగ్గర జి మేజర్, అలా. ఒక్క స్వరం కూడా స్కేల్ బయటిది కాదు. అయినా వింటుంటే గతుకుల రోడ్డు మీద వెళ్తున్నట్టు ఉంది. ఎక్కడ తప్పుతున్నాను?

నల్లమెట్లు

స్వరబాటసారి గారూ, ట్యూన్ బాగుంది, ముందు ఆ మాట చెప్పాలి. మొదటి బార్ మళ్లీ ఐదో బార్‌లో రావడం వల్ల చెవికి వెంటనే పట్టుకుంటుంది.

తప్పు ఒకటే. ట్యూన్‌లో ప్రతి స్వరానికీ కార్డ్ అవసరం లేదు. కార్డ్ అంటే కాసేపు నిలబడే నేల, స్వరాలు దాని మీద నడుస్తాయి. కొన్ని స్వరాలు కార్డ్‌లోవి, కొన్ని ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్తూ మధ్యలో తగిలేవి. వాటిని పాసింగ్ నోట్స్ అంటారు. మీ రెండో బార్ చూడండి, ద ప మ. ఇందులో ద, మ రెండూ ఎఫ్ మేజర్‌లో ఉన్నాయి, ప వాటి మధ్య మెట్టు మాత్రమే. దానికి వేరే కార్డ్ పెట్టారు కాబట్టే నడక ఆగి ఆగి సాగినట్టు అనిపించింది.

బార్‌కి ఒక్క కార్డ్ పెట్టి చూడండి. సి, ఎఫ్, సి, జి, తర్వాత సి, ఎఫ్, జి, సి. అంతే. బీట్ బలంగా పడే చోట ఉన్న స్వరాన్ని చూసి కార్డ్ ఎంచుకోండి, బలహీనమైన చోట ఉన్నవాటిని వాటి మానాన వదిలేయండి.

ఇంకోటి. ఈ మూడు కార్డ్స్ మధ్య ఉన్న బంధం పేర్లకన్నా ముఖ్యం. సి అంటే ఇల్లు. ఎఫ్ అంటే ఇంటి నుంచి బయటికి రావడం. జి అంటే మళ్లీ ఇంటికి లాగడం. ఆ లాగుడు ఎక్కడి నుంచి వస్తుందంటే జి మేజర్‌లోని ని, దాని పైన స కి అర మెట్టే దూరం. జి నుంచి లెక్కపెడితే వచ్చే ఏడో స్వరం కూడా కలిపితే మ వస్తుంది. ఆ మ, ని కలిసి మోగితే అస్సలు కుదురుగా ఉండవు, ని పైకి స కి, మ కిందికి గ కి జారితే తప్ప చెవికి ఊరట రాదు. ఇది కీబోర్డు మీద నెమ్మదిగా, ఆ రెండు స్వరాలే పట్టుకుని పదిసార్లు వాయించి వినండి. టెన్షన్, రిజల్యూషన్ అని పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసేది ఆ ఒక్క కదలిక గురించే.

గిటార్‌గీతలు

పైన చెప్పినదానికి ఒక చిన్న లెక్క. సి లో స గ ప, ఎఫ్ లో మ ద స, జి లో ప ని రి. మూడూ కలిపితే ఏడు స్వరాలూ వచ్చేశాయి. అంటే శంకరాభరణం స్వరాల్లో కట్టిన ఏ ట్యూన్‌కైనా ఈ మూడింటిలో ఒకటి ఎప్పుడూ దొరుకుతుంది. మొదటి ఆరు నెలలు ఈ మూడు చాలు అని నా గట్టి నమ్మకం.

నా సలహా మాత్రం కొంచెం వేరు. థియరీ పక్కన పెట్టి ఇష్టమైన పాటలు చెవితో విని కార్డ్స్ పట్టండి. నేను యాభై అరవై పాటలు అలా పట్టాకే ఎఫ్ వచ్చినప్పుడు ఎలా ఉంటుందో, ఎ మైనర్ వచ్చినప్పుడు ఎలా ఉంటుందో ఒంటికి తెలిసింది. పేర్లు తర్వాత వచ్చాయి. మాటలు రాకముందే వ్యాకరణం చదివితే ఏం లాభం?

మంద్రస్థాయి

ఇద్దరూ చెప్పింది సరైనదే, కానీ ఇద్దరూ కార్డ్ నుంచే మొదలుపెట్టారు. నేను ఇంకో దారి చెప్తాను, కొంచెం ఓపికగా చదవండి.

హార్మనీ పుట్టింది కార్డ్స్‌గా కాదు. కొన్ని వందల ఏళ్ల పాటు యూరప్‌లో సంగీతం రాసినవాళ్లు ఒక గొంతు పక్కన ఇంకో గొంతు, దాని పక్కన మూడో గొంతు పెట్టి రాశారు. ఆ గొంతులు ఒక క్షణంలో కలిసినప్పుడు నిలువుగా కనిపించేదే మనం ఇప్పుడు కార్డ్ అంటున్నది. ప్రతి కార్డ్‌కి ఒక రూట్, అంటే పునాది స్వరం, ఉంటుంది, స్వరాలు కిందామీదా మారినా అది అదే కార్డ్, అనే సిద్ధాంతాన్ని ఫ్రెంచ్ స్వరకర్త రామో 1722లో పుస్తకంగా రాశాడు. మూడేళ్ల తర్వాత 1725లో ఆస్ట్రియా స్వరకర్త ఫుక్స్ రాసిన కౌంటర్‌పాయింట్ పుస్తకం పాత పద్ధతినే పట్టుకుంది, గొంతుకి ఎదురుగా గొంతు. మొదట స్వరానికి ఒక స్వరం, తర్వాత ఒకదానికి రెండు, తర్వాత నాలుగు, తర్వాత ఆగి జారే స్వరాలు, చివరికి అన్నీ కలిపి. మొత్తం ఐదు మెట్లు. స్వరకర్త హైడన్ ఆ పుస్తకం పెట్టుకుని తనంతట తాను సాధన చేశాడు. బేతోవెన్‌కీ ఆ పద్ధతిలోనే పాఠాలు జరిగాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, స్వరబాటసారి గారికి ఒక గొంతు రాయడం ఇప్పటికే వచ్చు. కాబట్టి రెండో గొంతు రాయడం నేర్చుకోవాలి, అదీ అడుగు గొంతు, అంటే బేస్. ముందు కుడిచేతి ట్యూన్, ఎడమచేతి బేస్, మధ్యలో ఏమీ వద్దు. ఆ రెండే బాగుంటే మధ్యలో ఏం నింపినా బాగుంటుంది. ఆ రెండూ బాగోకపోతే ఎంత ఖరీదైన కార్డ్ పెట్టినా అతుకులా కనిపిస్తుంది. ఒక చిన్న పరీక్ష ఉంది: మీ బేస్‌ని ట్యూన్ లేకుండా ఒంటరిగా పాడండి. అది కూడా ఒక పాటలా అనిపించాలి.

గిటార్‌గీతలు గారి మాట మీద ఒక్క విషయం. చెవి ముందు అన్నది నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ఈయన దగ్గర ఇప్పుడున్న చిక్కు వినడంలో లేదు, గతుకుగా ఉందని ఆయన చెవే పట్టుకుంది కదా. ఎందుకు గతుకుగా ఉందో చెప్పే మాట కావాలి. వ్యాకరణం అక్కడే పనికొస్తుంది.

స్వరబాటసారి

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి అంతా దీని మీదే కూర్చున్నాను.

బార్‌కి ఒక్క కార్డ్ పెట్టగానే ట్యూన్ ఊపిరి పీల్చుకుంది, నిజంగా. తర్వాత మంద్రస్థాయి గారు చెప్పినట్టు మధ్యలో అన్నీ తీసేసి బేస్ మాత్రం ఉంచాను. బేస్‌లో ప్రతి కార్డ్ రూట్ పెట్టాను: స మ స ప, స మ ప స. వాయిస్తే చాలావరకు బాగుంది. కానీ ఆరో బార్ నుంచి ఏడో బార్‌కి వెళ్లే చోట ఏదో బోలుగా వినిపిస్తోంది. తప్పు స్వరం కాదు, కర్ణకఠోరంగా కూడా లేదు, అప్పటిదాకా ఇద్దరు పాడుతుంటే అక్కడ హఠాత్తుగా ఒక్కరే పాడినట్టు. ఇది నా భ్రమా?

మంద్రస్థాయి

భ్రమ కాదు. మీ చెవికి నమస్కారం, చాలామందికి ఇది చూపించినా వినిపించడానికి నెలలు పడుతుంది.

ఆరో బార్ చివర ట్యూన్ పైస మీద ఉంది, బేస్ మ మీద. మ నుంచి స పంచమం. ఏడో బార్ మొదట్లో ట్యూన్ పైరి, బేస్ ప. ప నుంచి రి మళ్లీ పంచమమే. రెండు గొంతులూ ఒకే దిక్కుకి, ఒకే దూరం, పంచమం పట్టుకునే జరిగాయి. దీన్నే ప్యారలల్ ఫిఫ్త్స్ అంటారు. పుస్తకాల్లో ఇది నిషేధం అని రాసి వదిలేస్తారు, కారణం చెప్పరు, అందుకే నేర్చుకునేవాళ్లకి ఇదేదో పోలీసు రూలులా అనిపిస్తుంది.

కారణం ధ్వనిలోనే ఉంది. పంచమంలో రెండు స్వరాల కంపనాల నిష్పత్తి 3:2. అష్టమం, అంటే స కి పైస, 2:1. ఈ రెండూ ఒకదానిలో ఒకటి ఎంతగా కలిసిపోతాయంటే చెవి వాటిని రెండుగా వినడం మానేస్తుంది. ఒక్కసారి పంచమం వస్తే ఏం కాదు. వరసగా రెండుసార్లు ఒకే దిక్కుకి జరిగితే మాత్రం రెండో గొంతు మొదటిదానికి నీడ అయిపోతుంది. మీరు ఇద్దరు పాడుతుంటే ఒక్కరైనట్టు ఉంది అన్నారు కదా, దీన్ని అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

పరిష్కారం చాలా చిన్నది. ఆరో బార్‌లో బేస్‌ని మ బదులు కింది ద చేయండి. కార్డ్ ఎఫ్ మేజరే, మ ద స లో ద అడుగున ఉంటుంది, అంటే ఫస్ట్ ఇన్వర్షన్. ఇప్పుడు ట్యూన్ స నుంచి రి కి పైకి వెళ్తుంటే బేస్ ద నుంచి ప కి కిందికి దిగుతుంది. రెండు గొంతులు ఎదురెదురుగా నడుస్తాయి. అలాగే మూడో బార్‌లో స బదులు గ పెట్టండి, అది సి మేజర్ ఇన్వర్షన్. ఇప్పుడు మీ బేస్ ఇదీ: స మ గ ప, స ద ప స. పాడి చూడండి.

గిటార్‌గీతలు

నాకొక అభ్యంతరం ఉంది, అడగాల్సిందే. రాక్ గిటార్‌లో పవర్ కార్డ్ అంటేనే రూట్, పంచమం. వాటినే పట్టుకుని ఫ్రెట్ బోర్డ్ అంతా పైకీ కిందికీ జరుపుతాం. అంటే మొత్తం ప్యారలల్ ఫిఫ్త్సే కదా. అది ఎంత గొప్పగా వినిపిస్తుందో అందరికీ తెలుసు. మరి తప్పెలా అవుతుంది?

మంద్రస్థాయి

తప్పు అని నేను అనలేదండీ, బోలుగా ఉందని ఆయనే అన్నారు. మీరు అడిగినదే దీనికి సరైన రుజువు కూడా. పవర్ కార్డ్‌లో మీకు రెండు గొంతులు కావాలా? వద్దు. ఒకే గొంతు లావుగా, బరువుగా కావాలి. పంచమం ఆ పని అద్భుతంగా చేస్తుంది, డిస్టార్షన్ పెట్టాక గాంధారం ఉంటే గజిబిజి అవుతుంది కాబట్టి దాన్ని వదిలేస్తారు. పియానో సంగీతంలో ఫ్రెంచ్ స్వరకర్త డెబ్యూసీ వరస పంచమాలని కావాలనే వాడాడు. ఇక్కడ ట్యూన్‌కి ఎదురుగా స్వతంత్రంగా నడిచే బేస్ కావాలనుకున్నాం, మధ్యలో ఒక్కచోట ఆ స్వతంత్రం పోయింది, అంతే. ఏం కావాలో ముందు తేల్చుకుంటే రూల్ దానంతట అదే అర్థమవుతుంది.

గిటార్‌గీతలు

ఇన్నేళ్లలో ఈ మాట ఎవరూ ఇలా చెప్పలేదు. ఒప్పుకుంటున్నాను.

నల్లమెట్లు

ఆరో బార్ మీద ఒక మాట కలుపుతాను. బేస్ ద అయ్యాక పైన మ బదులు గ పెట్టి చూడండి. ద స గ, అంటే ఎ మైనర్. ట్యూన్ మారదు, బేస్ మారదు, మధ్యలో ఒక్క స్వరం అర మెట్టు కిందికి దిగింది, అయినా ఆ బార్ రంగు మొత్తం మారిపోతుంది. ఎఫ్ తో వెలుతురుగా ఉంటుంది, ఎ మైనర్‌తో కాస్త దిగులుగా. రెండూ సరైనవే. ఎంపిక మీది. కంపోజిషన్ అనేది ఇక్కడే మొదలవుతుందని నేను అనుకుంటాను.

ఆరోహణం

ఈ చర్చ చదువుతుంటే చాలా సంతోషంగా ఉంది. నేను గాత్రం పాడతాను, హార్మనీ ఆలస్యంగా నేర్చుకున్నాను. కర్ణాటకం నుంచి వచ్చేవాళ్లకి దీన్లో ఒక పెద్ద లాభం, ఒక పెద్ద గుంట రెండూ ఉన్నాయి.

లాభం ఏమిటంటే పశ్చిమంలో మోడ్స్ అని భయపెట్టేవి మనకు పాత చుట్టాలే. మేజర్ స్కేల్ మన 29వ మేళం శంకరాభరణం. దాన్నే రి నుంచి మొదలుపెట్టి రి ని స అనుకుంటే ఖరహరప్రియ, అదే డోరియన్. గ నుంచి తోడి, ఫ్రిజియన్. మ నుంచి కల్యాణి, లిడియన్. ప నుంచి హరికాంభోజి, మిక్సోలిడియన్. ద నుంచి నఠభైరవి, అదే నేచురల్ మైనర్. ని నుంచి మొదలుపెడితే పంచమం సరిగ్గా దొరకదు, అందుకే అది ఒక్కటే మేళకర్తల్లో లేదు. గ్రహభేదం, అంటే స ని ఇంకో స్వరానికి మార్చుకోవడం, తెలిసినవాళ్లకి ఇది ఒక్క పూట పని.

గుంట ఏమిటంటే, స్వరాలు కలిశాయి కదా అని రాగం కూడా అదేనని అనుకోవడం. తోడి గాంధారం ఒక చోట నిలబడే స్వరం కాదు, ఊగుతుంది, రిషభం వైపుకీ మధ్యమం వైపుకీ. దాని కింద సి మైనర్ కార్డ్ పట్టుకుని కూర్చుంటే కార్డ్‌లో ఒక గాంధారం కదలకుండా మోగుతుంటుంది, గొంతులో ఇంకో గాంధారం ఊగుతుంటుంది. రెండూ కొట్టుకుంటాయి. అలాంటి చోట కార్డ్‌లో గాంధారం వదిలేసి స ప మాత్రం ఉంచడం మంచిది.

ఇంకో గుంట నేను స్వయంగా పడ్డది. హిందోళంలో ఒక ట్యూన్ కట్టాను. స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కైశిక నిషాదం, పంచమం లేదు. ఈ ఐదింటిలో ఏ మేజర్ కార్డ్ దొరుకుతుందా అని వెతికితే ద స గ దొరికింది. బేస్‌లో ద పెట్టాను, ఎంతో నిండుగా ఉంది. రెండు బార్లు గడిచేసరికి నా ట్యూన్ హిందోళంలా లేదు, మోహనంలా వినిపిస్తోంది! ఎందుకంటే హిందోళంలో ద ని స అనుకుంటే వచ్చేది మోహనమే. బేస్ బలంగా ద పట్టుకోగానే చెవి తన స ని అక్కడికి మార్చేసుకుంది. తంబురా ఉంటే స ఎక్కడుందో అది గుర్తుచేస్తూ ఉంటుంది. కార్డ్స్ ఉన్నచోట స ఎక్కడో చెప్పేది బేస్. ఈ ఒక్కటి తెలియక నేను రెండు నెలలు తల పట్టుకున్నాను. చివరికి బేస్‌లో స ని కదలకుండా ఉంచి, పైన గ, మ, ని లని మార్చుకుంటూ వెళ్తే రాగం తిరిగి వచ్చింది.

స్వరబాటసారి

ఆరోహణం గారూ, మోహనంలో నాకూ ఒక ట్యూన్ ఉంది. మ, ని లేవు కదా, మరి ఎఫ్ లేదా జి ఎలా వస్తాయి?

ఆరోహణం

రాగం లోపలే ఉండాలనుకుంటే పూర్తి కార్డ్స్ రెండే, స గ ప, ద స గ. ఇంటికి లాగే జి కావాలంటే అందులో ని తీసేసి ప రి మాత్రం ఉంచండి, లాగుడు మెత్తగా ఉంటుంది కానీ రాగం చెదరదు. బయటి స్వరం కావాలనుకుంటే మధ్య గొంతులో ఒక్క క్షణం ని తగిలించినా తప్పు లేదు, కానీ అప్పుడు అది మోహనం స్వరాలున్న ట్యూన్ అవుతుంది, మోహనం కాదు. సినిమా సంగీతంలో ఇది నిత్యం జరుగుతుంది, అందంగానే ఉంటుంది. ఏది రాస్తున్నామో మనకు తెలిసి ఉంటే చాలు.

కోరస్‌గొంతు

నేను బృందగానంలో పాడేదాన్ని, చాలా ఏళ్లుగా ఆల్టో, అంటే ఆడగొంతుల్లో కింది గొంతు. పెద్దగా థియరీ మాట్లాడలేను కానీ ఒకటి చెప్పాలనిపించింది. రాసిన ప్రతి గొంతునీ మీరే పాడండి. ట్యూన్ వాయిస్తూ బేస్ పాడండి, బేస్ వాయిస్తూ ట్యూన్ పాడండి, తర్వాత కార్డ్‌లో రెండు స్వరాలు వాయించి మూడోది పాడండి. మధ్య గొంతు పాడుతుంటే తెలుస్తుంది, రాసినవాళ్లు దాన్ని పట్టించుకున్నారో లేదో. కొన్ని పాటల్లో ఆల్టోకి ఎనిమిది బార్లు ఒకే స్వరం, తొమ్మిదో బార్‌లో హఠాత్తుగా ఏడు మెట్ల దూకుడు. పాడేవాళ్లకి అది శిక్ష.

ఇంకా, గొంతులతో పాడే మేజర్ కార్డ్ కీబోర్డు కార్డ్ కన్నా తియ్యగా ఉంటుంది, అది ఊహ కాదు. అష్టమాన్ని 1200 సెంట్లుగా కొలిస్తే సహజమైన అంతర గాంధారం (మేజర్ కార్డ్‌లో ఉండే గ) 386 దగ్గర ఉంటుంది. కీబోర్డు అన్ని శ్రుతుల్లోనూ పనిచేయాలి కాబట్టి దాన్ని 400 దగ్గర పెట్టారు. పంచమం దాదాపు సరిపోయింది, 702 బదులు 700. గాంధారం మాత్రం పద్నాలుగు సెంట్లు ఎక్కువ. మంచి బృందం చెవితో దాన్ని కిందికి దించుకుంటుంది. తంబురా పక్కన పాడినవాళ్లకి ఆ గాంధారం ఇప్పటికే గొంతులో ఉంటుంది, కీబోర్డు విని పోగొట్టుకోకండి.

కొత్తరెక్కలు

నేను ఇక్కడ కొత్త. మధ్యలో దూరినందుకు సారీ. ఎ మైనర్‌లో ఉన్న పాటల్లో ఇ మేజర్ ఎందుకు వస్తుంది? ఎ మైనర్ స్కేల్‌లో జి కదా ఉంది, జి షార్ప్ ఎక్కడి నుంచి వచ్చింది?

నల్లమెట్లు

మంచి ప్రశ్న. పైన లాగుడు గురించి చెప్పాను చూడండి, ని అర మెట్టు దూరంలో ఉంటేనే అది స ని గట్టిగా పిలుస్తుంది. నేచురల్ మైనర్‌లో, అంటే నఠభైరవిలో, ని ఒక పూర్తి మెట్టు కింద ఉంటుంది, పిలుపు బలహీనం. అందుకే ఇంటికి చేరే చోట ని ని అర మెట్టు పైకి ఎత్తుతారు. నఠభైరవి కాస్తా కీరవాణి అవుతుంది, దాన్నే హార్మనిక్ మైనర్ అంటారు. పేరులోనే ఉంది, హార్మనీ కోసం మార్చినది అని. ఎ మైనర్‌లో ఆ ఎత్తిన ని యే జి షార్ప్. ఇంటికి చేరని చోట మామూలు జి వాడుకోవచ్చు, ఒకే పాటలో రెండూ ఉంటాయి.

స్వరబాటసారి

నా తర్వాతి చిక్కు. ఎనిమిది బార్లు ఇప్పుడు బాగున్నాయి. స మ గ ప, స ద ప స అని బేస్ పాడితే అదే ఒక చిన్న పాటలా ఉంది, అది పాడినప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పలేను. కానీ ఇక ముందుకి ఎలా వెళ్లాలి? కొత్త ట్యూన్ తగిలిస్తే వేరే పాట అయిపోతోంది. పాతదే మళ్లీ వాయిస్తే విసుగు. నా దగ్గర ఇలా ఎనిమిది బార్ల దగ్గర ఆగిపోయినవి నలభై దాకా ఉన్నాయి.

మంద్రస్థాయి

కొత్తది వెతకొద్దు, ఉన్నదానిలో తవ్వండి. మీ మొదటి బార్ స గ ప గ. దాని ఆకారం చూడండి, రెండు గెంతులు పైకి, ఒకటి కిందికి. ఆ ఆకారాన్ని ఒక మెట్టు పైన మొదలుపెట్టండి: రి మ ద మ. ఇంకో మెట్టు పైన: గ ప ని ప. ఇంకోటి: మ ద పైస ద. తర్వాత ప మీద ఆగండి. నాలుగు బార్లు వచ్చేశాయి. ట్యూన్ కొత్తదే, కానీ వినేవాళ్లకి ఇది అదే పాట అని తెలుస్తూనే ఉంటుంది. దీన్ని సీక్వెన్స్ అంటారు. అలంకారాలు పాడినవాళ్లకి ఇది నేర్పించక్కర్లేదు, సరిగమ, రిగమప, గమపద అని మీరు చిన్నప్పుడు చేసింది ఇదే.

జాగ్రత్త ఒకటి. అక్కడ బేస్‌లో రూట్స్ పెడితే రి, గ, మ అవుతాయి, ట్యూన్ కూడా ప్రతి బార్ మొదట్లో రి, గ, మ మీదే ఉంది. అవి వరస అష్టమాలు, పంచమాల కన్నా ఇంకా బోలు. కాబట్టి ఆ నాలుగు బార్లూ బేస్‌ని ప మీద కదలకుండా ఉంచండి. పైన డి మైనర్, ఇ మైనర్, ఎఫ్, జి మారుతూ ఉంటాయి, కింద ప మాత్రం తంబురాలా మోగుతూ ఉంటుంది. దీన్ని పెడల్ అంటారు. ప అంటే ఇంటికి లాగే స్వరం కదా, నాలుగు బార్ల పాటు లాగి లాగి, చివరికి మళ్లీ స గ ప గ వచ్చినప్పుడు ఎలా ఉంటుందో వినండి. ఆ తర్వాత మీ రెండో వరస నాలుగు బార్లూ వాయించి ముగించండి. పదహారు బార్లు, పూర్తి అయిన పాట.

పూర్తి చేయడం చాలా ముఖ్యం. నలభై సగం పాటల కన్నా పదహారు బార్ల పూర్తి పాట ఒకటి ఎక్కువ నేర్పుతుంది, ఎందుకంటే మధ్య, చివర అనేవి ఎలా రాయాలో మొదలు రాస్తూ ఉంటే ఎప్పటికీ రాదు.

గిటార్‌గీతలు

ఈ థ్రెడ్ చదివాక నేను కూడా బాక్ కోరల్స్, అంటే ఆ జర్మన్ స్వరకర్త నాలుగు గొంతులకి రాసిన చర్చి పాటలు, తెరిచాను. 371 ఉన్న సంకలనం ఉంది, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, ఐఎంఎస్ఎల్‌పీ అనే నోట్స్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. నోట్స్ రాసుకోవడానికి మ్యూజ్‌స్కోర్ కూడా ఉచితమే. పై గొంతు, బేస్ మాత్రం ఉంచి మధ్య రెండు గొంతులు నేనే నింపి, తర్వాత ఆయన రాసినదానితో పోల్చి చూస్తున్నాను. ఒక్క రెండు బార్లకి గంట పట్టింది. నేను నింపిన చోటల్లా గొంతులు గెంతుతున్నాయి, ఆయనవి ఉన్నచోటే ఉంటూ లేదా ఒక మెట్టు జరుగుతూ అంత హార్మనీ చేశాయి. ఆ పక్కమెట్టు కదలిక చూశాక గిటార్ మీద కూడా కార్డ్ షేప్స్ ఎంచుకునే తీరు మారిపోయింది. ఇంతకుముందు చెయ్యి అటూ ఇటూ గెంతేది, ఇప్పుడు ఒక వేలు కదిపితే సరిపోయే చోటు వెతుకుతున్నాను.

స్వరబాటసారి

పది రోజుల తర్వాత రాస్తున్నాను. పదహారు బార్లు పూర్తయ్యాయి.

ప పెడల్ మీద మూడో బార్, మ ద పైస ద దగ్గర, అసలు నేను రాసిందేనా అనిపించింది. కింద ప, పైన ఎఫ్, రెండూ ఒకరితో ఒకరు ఒప్పుకోరు, అయినా విడిపోరు. తర్వాత బార్‌లో జి రాగానే సర్దుకుంటుంది. అక్కడ ప్రతిసారీ ఊపిరి బిగబట్టి వింటున్నాను.

నల్లమెట్లు గారు చెప్పిన ఆ ఎంపిక మాత్రం నాలుగు రోజులు తేలలేదు. ఎఫ్ పెట్టాలా, ఎ మైనర్ పెట్టాలా అని. చివరికి రెండూ ఉంచాను. మొదటిసారి ఆరో బార్‌లో ఎఫ్. చివర్లో అదే ట్యూన్, అదే బేస్ మళ్లీ వచ్చినప్పుడు ఎ మైనర్. ఇంట్లో మా అక్కకి వినిపించాను, తనకి సంగీతం రాదు. రెండోసారి ఆ చోటు రాగానే చేతిలో పని ఆపి, ఇక్కడేం మార్చావు అని అడిగింది.

నల్లమెట్లు

నాలుగు రోజులు ఆగి మంచి పని చేశారు. ఆ మోహనం ట్యూన్ కూడా పెట్టండి, బేస్‌తో సహా.